చలికాలంలో పురుగుల గది: వేడి పోకుండా గాలి ఆడించడం ఎలా?

కోలారు, చిక్కబళ్ళాపురం, శిడ్లఘట్ట, చింతామణి వైపు అన్నలకు, అక్కలకు, హోసూరు, డెంకణికోట వైపు మన వాళ్ళకు ఈ పాఠం.

చలి మొదలైంది. ఇంక సంక్రాంతి దాటేదాకా మన వైపు రాత్రిళ్ళు 15 డిగ్రీలకు దిగే రోజులు ఉంటాయి. ఈ కాలంలో మనలో చాలామంది చేసే పని ఒకటే. సాయంత్రం అయితే కిటికీలకు గోనెపట్టాలు, తలుపుకు టార్పాలిను, కప్పు కింద సందులకు పేపర్లు కుక్కి, లోపల కుంపటి పెట్టేస్తాము. గది వెచ్చగా ఉందని సంతోషంగా ఉంటుంది. పొద్దున తలుపు తీస్తే కళ్ళు మండుతాయి, ముక్కుకు ఘాటు తగులుతుంది, రేకుల నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా బెడ్ మీద పడుతుంటాయి. నాలుగు రోజులకు సున్నకట్టు కనిపిస్తుంది. అప్పుడు గుడ్లు బాగాలేవు, చాకి బాగాలేదు అంటాము.

ఈ వారం పాఠం ఈ సంగతి మీదే. చిన్న గదిలో, ఇంటికి ఆనుకుని 50 గుడ్లు, 75 గుడ్లు మేపేవాళ్ళను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. పెద్ద షెడ్డు వాళ్ళకు కూడా లెక్క ఇదే, కొలతలు మారతాయి అంతే.

మూసే అలవాటు ఎక్కడినుంచి వచ్చింది

మొదట ఇది తెలుసుకోవాలి. చాకిలో మూయడం సరైన పనే. ఒకటో దశ పురుగుకు 28 డిగ్రీలు, తేమ 85 నుంచి 90 శాతం కావాలి. రెండో దశకు 27 డిగ్రీలు, 85 శాతం. అందుకే పారఫిన్ కాగితం కప్పుతారు, తడి ఫోమ్ పట్టీలు పెడతారు. చీమంత పురుగు, తినేది కొంచెం, వదిలేది కొంచెం. లేత ఆకు ఎండకుండా ఉంటే చాలు.

పెద్ద పురుగు దారి వేరు. దానికి కావలసింది ఇది:

మూడో దశ, అంటే రెండో జ్వరం లేచాక: 26 డిగ్రీలు, తేమ 80 శాతం.
నాలుగో దశ: 25 డిగ్రీలు, తేమ 70 నుంచి 75.
ఐదో దశ: 24 డిగ్రీలు, తేమ 65 నుంచి 70.
గూడు కట్టేటప్పుడు: 24 నుంచి 25 డిగ్రీలు, తేమ 60 నుంచి 65.

చూడండి, పురుగు పెరిగేకొద్దీ వేడీ తగ్గుతోంది, తేమా తగ్గుతోంది. గాలి అవసరం మాత్రం పెరుగుతుంది. చాకి గదిని చూసి, ఐదో దశ గదిని కూడా అట్లాగే మూసిపెడితే పురుగుకు కావలసిన దానికి తలకిందులు చేసినట్టు.

గదిలో ఎంత నీరు చేరుతుంది

మల్బరీ ఆకులో నూటికి 70 పాళ్ళు నీరే. 50 గుడ్ల పంటలో నాలుగో జ్వరం లేచాక జోరుగా తినే రోజుల్లో రోజుకు 50 కిలోల ఆకు అయినా పడుతుంది. అంటే రోజూ 35 లీటర్ల నీటిని మనమే చేత్తో లోపలికి మోస్తున్నాము. కొంత పురుగు ఒంట్లో నిలుస్తుంది. మిగిలింది లద్దె నుంచి, తినకుండా మిగిలిన ఆకు నుంచి, పురుగు ఊపిరి నుంచి ఆవిరై గదిలోకే వస్తుంది. గది మూసి ఉంటే ఆ ఆవిరి ఎక్కడికి పోవాలి? చల్లని రేకుకు తగిలి నీరై మళ్ళీ బెడ్ మీదే పడుతుంది.

తడిసిన బెడ్ వెచ్చగా ఉంటే లోపల పులుస్తుంది. ఆ ఘాటు వాసన అమ్మోనియాది. పురుగుకు ముక్కు లేదు. ఒంటికి రెండు పక్కలా తొమ్మిది జతల చుక్కలు కనిపిస్తాయి కదా, అవే దాని ఊపిరి రంధ్రాలు. అది పడుకునేది బెడ్ మీదే, ఆ గాలి మనకంటే దానికే ముందు తగులుతుంది. సున్నకట్టు బూజు విత్తనం మొలకెత్తడానికి కావలసింది కూడా ఇదే: బాగా తేమ, మధ్యరకం వేడి.

వెచ్చగా, పొడిగా, గాలి ఆడుతూ ఉండాలి. మూడూ ఒకేసారి ఎట్లా అన్నదే ప్రశ్న.

వేడి ఎక్కడినుంచి పోతోంది

కిటికీ తెరిస్తే వేడంతా పోతుందని మన భయం. ఒకసారి లెక్క వేసి చూద్దాము.

గది 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు అనుకుందాము. అందులో ఉన్న గాలి బరువు సుమారు 80 కిలోలు. బయట 15 డిగ్రీలు, లోపల 25 డిగ్రీలు కావాలి. ఈ గది గాలి మొత్తాన్ని ఒకసారి బయటికి పంపి, కొత్త గాలి తెచ్చి 10 డిగ్రీలు వేడి చేయడానికి పట్టే కరెంటు పావు యూనిట్ కంటే తక్కువ.

అదే గదికి పైన వట్టి రేకు ఉంటే, అదే 10 డిగ్రీల తేడాకు, గంటకు ఒక యూనిట్ పైనే వేడి రేకు గుండా బయటికి పోతుంది. రాత్రంతా, ప్రతి గంటా. అంటే గది గాలిని గంటకు నాలుగు సార్లు పూర్తిగా మార్చినా, కప్పు తినేసే వేడి కంటే తక్కువే పోతుంది.

కాబట్టి ముందు మూయవలసింది కిటికీని కాదు, కప్పును. కప్పు సరిచేస్తే ఆ మిగిలిన వేడితో కిటికీలు కొంచెం తెరిచి పెట్టుకునే స్తోమత వస్తుంది.

కప్పుకు ఏమి చేయాలి

ఒకటి, రేకు పైన. కొబ్బరి మట్టలు గానీ, రాగిగడ్డి, వరిగడ్డి గానీ అరచేయి మందం పరిచి, గాలికి లేవకుండా పైన తాడు కట్టండి. ఇది అన్నిటికంటే మంచిది. బయట ఉంటుంది కాబట్టి నిప్పు భయం తక్కువ, రోగం దాగే చోటు లోపల ఉండదు. ఎండాకాలంలో కూడా ఇదే రేకు వేడిని ఆపుతుంది.

రెండు, రేకు కింద. అడుగు సందు వదిలి గోనెసంచులు కుట్టి సీలింగు లాగా కట్టండి. రాగులు, బియ్యం వచ్చిన సంచులు వాడండి. మందులు, ఎరువులు వచ్చిన సంచులు ఎంత కడిగినా పురుగుల గదిలోకి తేవద్దు. ప్రతి పంటకూ గదితో పాటు ఈ సంచులకు కూడా మందు కొట్టాలి, ఏడాదికి ఒకసారి మార్చాలి.

ప్లాస్టిక్ పట్టాను సీలింగుగా కట్టకండి. వేడి కొంచెం ఆపుతుంది గానీ, ఆవిరి దానికే తగిలి చుక్కలుగా కారుతుంది. గోనె అయితే ఆవిరిని పీల్చుకుని పగలు ఆరిపోతుంది.

రేకు కింద చుక్కలు నిలిచాయంటే ఆ గదిలో గాలి ఆడడం లేదని గుర్తు. దీనికి యంత్రం అక్కరలేదు, తెల్లవారుజామున టార్చి వేసి చూస్తే చాలు.

మంచు గాలి తేమ తెస్తుందా

"బయట మంచు పడుతుంటే కిటికీ తెరవడమా, తేమ ఇంకా లోపలికి రాదా" అని చాలామంది అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

చల్లని గాలి మోసే నీరు తక్కువ. బయట 15 డిగ్రీల దగ్గర 90 శాతం తేమ ఉన్న గాలిని లోపలికి తెచ్చి 25 డిగ్రీలకు వేడి చేస్తే, అదే గాలి తేమ 50 శాతం దగ్గరికి పడిపోతుంది. ఆరిపోయిన స్పాంజి లాగా అది గదిలో నీటిని పీల్చుకుంటుంది. మన 12కి 20 గదిలో గాలి ఒకసారి మారితే పావు లీటరు పైగా నీరు ఆవిరిగా బయటికి పోతుంది. గంటకు మూడు సార్లు మారితే, రాత్రికి ఎన్ని లీటర్లో మీరే లెక్క వేసుకోండి.

కానీ ఒక షరతు. లోపలికి వచ్చిన గాలి వేడెక్కాలి. వేడి పెట్టకుండా మంచు గాలి వదిలితే బెడ్ చల్లబడుతుంది, పురుగు మేత మానుతుంది, జ్వరం ఒకేసారి లేవదు, పంట ఒకటి రెండు రోజులు సాగుతుంది. వేడి, గాలి జతగా నడవాలి. ఒకటి లేకుండా రెండోది పనికిరాదు.

గాలికి దారి ఎట్లా పెట్టాలి

వేడి గాలి పైకి లేస్తుంది. ఆ గుణాన్నే వాడుకోవాలి. కింద లోపలికి వచ్చే దారి, పైన బయటికి పోయే దారి ఉంటే ఫ్యాను లేకుండానే గాలి నడుస్తుంది.

పొడవు గోడలు రెండింటిలో, నేలకు అడుగు ఎత్తున, ఒక్కో గోడకు రెండు రంధ్రాలు. ఒక్కోటి 9 అంగుళాల చదరం. పైన కప్పు కింద కూడా అదే లెక్కలో నాలుగు. ఇన్ని ఉంటే, నైలాన్ వల కట్టినా సరే, చలి రాత్రి గంటకు సుమారు మూడు సార్లు గాలి మారుతుంది. గోనె సీలింగు కట్టినవాళ్ళు పై రంధ్రాలు సీలింగు కిందికి ఉండేట్టు చూసుకోవాలి. పైన ఉండిపోతే ఆవిరికి దారి ఉండదు.

ప్రతి రంధ్రానికీ జారే పలక పెట్టండి, ఎంత తెరవాలో మన చేతిలో ఉంటుంది. చలి ఎక్కువ ఉన్న రాత్రి సగం మూసుకోవచ్చు. పూర్తిగా మాత్రం ఏ రాత్రీ మూయవద్దు.

కింద రంధ్రానికి ఎదురుగా, లోపల జానెడు దూరంలో ఒక పలక నిలబెట్టండి. చల్లగాలి తిన్నగా కింది స్టాండు మీద పడకుండా పలకకు తగిలి పైకి మళ్ళుతుంది. హీటరు ఉంటే ఆ పలక పక్కనే పెట్టండి. వచ్చే గాలి వచ్చినప్పుడే వేడెక్కుతుంది.

ఈ కాలంలో మన వైపు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. ఆ వైపు కిటికీలు రాత్రి మూసి, పడమర వైపు పై రంధ్రాలు ఎక్కువ తెరవండి.

ఊజి ఈగ కోసం కట్టిన వల తీయవద్దు. కానీ నెలల తరబడి దుమ్ము పట్టిన వల గోడతో సమానం. పంటకూ పంటకూ మధ్య విప్పి ఉతికి కట్టండి. వల కట్టిన చోట గాలి తగ్గుతుంది కాబట్టి రంధ్రం కొంచెం పెద్దదే పెట్టుకోవాలి.

గాలి నడుస్తోందా లేదా చూడడానికి ఒక దూది పోగును దారానికి కట్టి కింద రంధ్రం దగ్గర వేలాడదీయండి. లోపలికి వంగితే గాలి వస్తోంది. కదలకపోతే పై దారి మూసుకుపోయిందని అర్థం.

కుంపటి సంగతి, జాగ్రత్తగా చదవండి

ఇది పంట కంటే పెద్ద మాట.

మనలో చాలామంది నాలుగో జ్వరం లేచాక రాత్రి మేత కోసం పురుగుల గదిలోనే పడుకుంటారు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి పడుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే గాలి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ పోయి నిప్పు ఎర్రగా ఉంది కదా అనుకుంటాము, ఎర్రటి నిప్పు నుంచి కూడా అది వస్తూనే ఉంటుంది. తలనొప్పి, తిరుగుడు, వాంతి వచ్చినట్టు ఉండడం మొదటి గుర్తులు. నిద్రలో ఉన్నవాళ్ళకు ఆ గుర్తులు కూడా తెలియవు, మెలకువ రాదు.

కుంపటి తప్పదు అనుకునేవాళ్ళు ఇవి పాటించండి. బయట రాజేసి, పొగ మొత్తం పోయాకే లోపలికి తేవాలి. కింద, పైన రంధ్రాలు తెరిచే ఉండాలి. లోపల ఎవరూ పడుకోకూడదు, పిల్లలను అసలు ఉంచకూడదు. పక్క గదిలో అలారం పెట్టుకుని పడుకోండి. లోపలికి వెళ్ళగానే తల బరువుగా అనిపిస్తే తలుపు బార్లా తీసి వెంటనే బయటికి రండి. లోపల ఎవరైనా పడిపోయి ఉంటే ముందు గాలిలోకి తెచ్చి, ఆసుపత్రికి తీసుకుపోండి.

కట్టెల పొయ్యి అయితే మంట గది బయట ఉండి, వేడి గొట్టం మాత్రం లోపలి గుండా పోయేట్టు కట్టించుకోవడం మంచిది. గ్యాసు పొయ్యితో వేడి చేసేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఒక కిలో గ్యాసు కాలితే లీటరున్నర నీరు ఆవిరిగా గదిలోకి వస్తుంది. వేడి ఇస్తూ తేమ పెంచుతుంది, గాలిని కూడా తింటుంది.

కరెంటు హీటరు అన్నిటికంటే శుభ్రం. 2000 వాట్ల హీటరుకు 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగిన మందం వైరు ఉండాలి. బల్బు హోల్డరు నుంచి, సన్న వైరు నుంచి లాగకండి. గడ్డికి, గోనెకు, ఎండు కొమ్మలకు మూడడుగులు దూరం పెట్టండి.

ఇంకొక మాట. దోమలని పురుగుల గదిలో దోమల చుట్ట వెలిగించవద్దు, ప్లగ్గు మందు పెట్టవద్దు. దోమను చంపే మందు పట్టుపురుగునూ చంపుతుంది. గది మూసి ఉంటే ఇంకా తొందరగా. దోమతెర కట్టుకోండి.

రోజు ఎట్లా నడపాలి

పగలు పది గంటల నుంచి నాలుగు దాకా బయట గాలి వెచ్చగా, పొడిగా ఉంటుంది. అది ఉచితంగా వచ్చే వేడి. కిటికీలు అన్నీ తెరవండి. బెడ్ శుభ్రం చేసే పని, స్థలం పెంచే పని ఈ సమయంలోనే పెట్టుకోండి. ఎండ, ఎదురుగాలి తిన్నగా పురుగు మీద పడకుండా చూస్తే చాలు.

నాలుగున్నర, ఐదుకు, గది ఇంకా వెచ్చగా ఉండగానే కిటికీలు మూసి రంధ్రాలు మాత్రం వదలండి. ఏడు దాకా తెరిచి ఉంచి, చల్లబడ్డాక వేడి చేయడం దండగ.

రాత్రి మేత వేసే ముందు పది నిమిషాలు పై కిటికీ తెరవండి. మేత వేశాక గదిలో ఆవిరి పెరుగుతుంది, కాబట్టి మొదటి గంట రంధ్రాలు పూర్తిగా తెరిచే ఉండాలి. మంచుకు తడిసిన ఆకు వేయకండి. పొద్దున కోసేవాళ్ళు మంచు ఆరాక కోయండి. తడి ఆకు వేసి, గాలి వదిలి ఆరబెట్టడం అంటే రెండు చేతులతో డబ్బు పారేయడమే.

తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు దాకా చలి ముదురుతుంది. హీటరు ఆపకూడని సమయం ఇది. ఐదో దశలో లోపల 22, 23 డిగ్రీలు నిలిస్తే కంగారు పడకండి. వేడి రాత్రంతా ఒకే తీరుగా ఉండడం ముఖ్యం. రాత్రి పదికి 28, తెల్లవారి ఐదుకు 18 అయితే పురుగు దెబ్బతింటుంది.

జ్వరంలో ఉన్నప్పుడు మేత ఉండదు, తేమ కూడా వద్దు. సున్నం పొడి చల్లి, గాలి మెల్లగా ఆడనివ్వండి. జ్వరంలో ఫ్యాను గాలి తిన్నగా తగలకూడదు.

పురుగు పండి చంద్రికకు ఎక్కాక గాలి అన్నిటికంటే ఎక్కువ కావాలి. పండిన పురుగు గూడు కట్టే ముందు ఒంట్లో నీరు వదిలేస్తుంది, పట్టు దారం కూడా తడిగా వచ్చి గాలికే ఆరుతుంది. ఈ రెండు మూడు రోజులు చలి భయంతో మూసిపెడితే దారం పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. గూడు చూడడానికి బాగుంటుంది, రీలింగులో తెగిపోతుంది. మార్కెట్టులో రీలరు చేతిలోకి తీసుకోగానే కనిపెట్టేస్తాడు. నెల కష్టం రేటు దగ్గర పోతుంది. చిన్న ఎగ్జాస్టు ఫ్యాను ఉన్నవాళ్ళు ఈ రోజుల్లో పైన పెట్టి, గంటకు కొన్ని నిమిషాలు నడపండి. అంత చిన్న గదిలో గాలి మారడానికి అది చాలు.

కొలిచి చూడండి

చేతిని నమ్ముకోవద్దు. తడి, పొడి రెండు గొట్టాల థర్మామీటరు గానీ, డిజిటల్ మీటరు గానీ ఒకటి తెచ్చుకోండి. హీటరు దగ్గర, తలుపు దగ్గర పెట్టకుండా, నడిమి స్టాండు ఎత్తులో వేలాడదీయండి. పొడి గొట్టం 25 ఉండి, తడి గొట్టం 4 డిగ్రీలు తక్కువ చూపిస్తే తేమ 70 శాతం దగ్గర ఉన్నట్టు. తేడా 2 డిగ్రీలే ఉంటే తేమ 80 దాటింది, పై రంధ్రాలు ఇంకా తెరవండి. తేడా 6 దాటితే ఆకు తొందరగా వాడుతుంది, రంధ్రాలు కొంచెం తగ్గించండి. కంగారుపడి నీళ్ళు చల్లే పని ఐదో దశలో పెట్టుకోవద్దు.

సాయంత్రం ఆరుకు, తెల్లవారి ఐదుకు, మధ్యాహ్నం రెండుకు గోడ మీద సుద్దముక్కతో రాసిపెట్టండి. ఒక పంట రాస్తే మీ గది గుణం మీకే తెలుస్తుంది.

కొత్త పంటకు చాకి తెచ్చే ముందు, గది ఖాళీగా ఉన్నప్పుడే కప్పు పని, రంధ్రాల పని ముగించండి. ఇప్పుడు పురుగు లోపల ఉన్నవాళ్ళు ఈ రాత్రికే కప్పు కింద కుక్కిన పేపర్లలో నాలుగు చోట్ల పీకి, రేపు తెల్లవారుజామున టార్చితో రేకు చూడండి. చుక్కలు తగ్గి ఉంటే దారి సరిగ్గా ఉంది. మీ గది పొడవు, వెడల్పు, కప్పు రకం, ఐదు గంటల లెక్క గ్రూపులో పెట్టండి. ఎవరి గదికి ఎన్ని రంధ్రాలు కావాలో కలిసి లెక్క వేసుకుందాము.